నాన్నకి నీ మీద కోపం లేదే

అమ్మలూ,

కబుర్లన్నీ ముందు చెప్పి, అసలు సంగతి చివర్న ఇరికించడం మనింటి ఆనవాయితీ. మీ అమ్మమ్మ రాసే ఇన్లాండ్ ఉత్తరాలు అలాగే ఉండేవి. గేదె ఈనింది, కొబ్బరికాయలు దింపించాం అని పేజీ నిండా రాసి, జిగురు అంటించే మడత దగ్గర చీమల్లాంటి అక్షరాల్లో "నాన్నకి కాస్త ఆయాసం, కంగారు పడకు" అనేది. కంగారంతా ఆ మడతలోనే ఉండేది! నేను మాత్రం తిరగేసి చెప్తాను.

మొన్న ఫోన్ పెట్టేసే ముందు అడిగావు కదా, "నాన్న అసలు నవ్వట్లేదేంటమ్మా? సంక్రాంతికి రాలేదని ఇంకా కోపమా?" అని. కోపం కాదు. నాన్నగారికి పార్కిన్సన్స్ అని డాక్టరుగారు తేల్చారు. మెదడులో డోపమైన్ అనే పదార్థం తగ్గిపోతుందట. దాంతో ఒళ్లు బిగుసుకుంటుంది, నడక నెమ్మదిస్తుంది, గొంతు చిన్నబోతుంది. మొహంలో కండరాలూ అంతే. లోపల నవ్వుతున్నా బయటికి రాదు. నువ్వు ఫోన్ పెట్టేశాక, పిల్లాడు తెలుగులో పద్యం చెప్పాడని పక్కింటాయనకి మూడుసార్లు చెప్పారు, తెలుసా?

నాకు ముందు అనుమానం వచ్చింది పాల లెక్క దగ్గర. ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన చెయ్యి, ఎంత గుండ్రటి రాతో నీకు తెలుసుగా. క్యాలెండర్లో ఒకటో తారీఖు గడిలో బాగానే ఉన్న అక్షరం నెలాఖరుకి ఆవగింజంత అయింది. తర్వాత కుడిచెయ్యి. ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు జపమాల తిప్పుతున్నట్టు ఆడతాయి. కాఫీ గ్లాసు అందుకుంటే ఆగిపోతాయి. దీన్ని తేల్చడానికి ఒక్క రక్తపరీక్ష అంటూ లేదట. నడిపించి, వేళ్లు ఆడించమని, నాలుగు లైన్లు రాయించి చూశారు. "వాసనలు తెలుస్తున్నాయా?" అనీ అడిగారు. పప్పు అడుగంటినా పేపర్లోంచి తల ఎత్తడని నువ్వు నవ్వేదానివే, అదన్నమాట. చాలామందికి వణుకు కంటే ఏళ్ల ముందే వాసన తగ్గుతుందట.

పూర్తిగా పోయే జబ్బు కాదు. అలాగని రేపో మాపో అన్నదీ కాదు. మందులతో ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చన్నారు. లెవోడోపా మాత్రలు పొద్దున్న ఏడు, మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి ఏడు. పప్పు, గుడ్డు లాంటివి మాత్రతో కలిస్తే మందు సరిగ్గా ఒంటికి పట్టదట. అందుకని అన్నం అరగంట ఆగి పెడుతున్నా. ముద్దపప్పు లేని పూట విసుక్కుంటారనుకో, అది జబ్బు కాదు, పుట్టుక!

వీధి చివర పిన్నిగారు దూలగొండి గింజల పొడి తెచ్చిచ్చారు. మంచి మనసుతోనే తెచ్చారు. డాక్టరుగారిని అడిగితే ఆ గింజల్లో ఉండేదీ ఈ మందేనట. చెంచాలో ఎంతుందో తెలియకుండా మాత్రల మీద వేసుకుంటే మోతాదు తప్పుతుందన్నారు. పొడి అటక మీద పెట్టా, పిన్నిగారికి దండం పెట్టా.

టికెట్టు కొనేసి పరిగెత్తుకు రాకు. నిన్ను చూసి ఆయన బెంబేలెత్తిపోతారు. సంక్రాంతికి నిదానంగా రా, పది రోజులు ఎక్కువ ఉండేలా రా. ఈలోగా నువ్వు చెయ్యగలిగింది ఒకటుంది. నీ శనివారం పొద్దున్న ఎనిమిదికి చేస్తావు, అప్పటికిక్కడ సాయంత్రం ఆరున్నర. మధ్యాహ్నం మాత్ర బలం తగ్గి మనిషి కొయ్యలా ఉంటారు. దాని బదులు శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి చెయ్యి. ఇక్కడ శనివారం పొద్దున్న ఎనిమిది. మాత్ర వేసుకుని గంటవుతుంది, మాట తేలిగ్గా వస్తుంది. పిల్లాణ్ణి ఆ ఒక్కరోజు మేలుకోనీ. జవాబు ఆలస్యమైతే మధ్యలో అందుకోకు, రెండు క్షణాలు ఆగు. అర్ధరాత్రి కూచుని ఇంటర్నెట్లో ఈ జబ్బు గురించి వెతక్కు. నీ సంగతి నాకు తెలుసు.

ఇక కబుర్లు. చిన్నత్త మోకాలి ఆపరేషన్ అయింది, కర్ర పట్టుకుని మేడ మీదికి కూడా ఎక్కేసి అందరి చేతా తిట్లు తింది. పెదనాన్నగారి మనవరాలి పెళ్లి శ్రావణంలో. గోదావరి ఒడ్డున కల్యాణమండపం దొరకలేదని వాళ్ల గొడవ. ఆవకాయ పెట్టేశాను, ఈ ఏడు కాయ పీచు తక్కువ, టెంక గట్టి.

నీ జాడీ కొరియర్లో వేశాం. ఇప్పుడు నాన్నగారు గీతల కాపీ పుస్తకంలో రోజూ పెద్దపెద్ద అక్షరాలు దిద్దుతున్నారు, అదీ వైద్యమే. పార్సెల్ మీద అడ్రసు నేనే రాస్తానని కూచున్నారు. నీ పేరు బారెడు వచ్చింది. డాలస్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ చిన్నదైపోయింది. కొరియర్ కుర్రాడు అర్థం కావట్లేదంటే ఊరి పేరు నేను నోటితో చెప్పాను, వాడు కంప్యూటర్లో కొట్టుకున్నాడు. దాని మీద వేరే కాగితం మాత్రం అంటించనివ్వలేదు.

అందగానే చెప్పు.

అమ్మ