బిడ్డ కనిపించకపోతే మొదట ఏం చేయాలి?

పిల్లవాడు కనిపించకపోతే మన ఇళ్లలో ముందుగా జరిగేది వెతుకులాట. బంధువుల ఇళ్లు, మదర్సా, దర్గా, బస్టాండు అన్నీ తిరిగి, రాత్రి అయిన తర్వాత గాని పోలీస్ స్టేషన్ గుర్తుకు రాదు. ఆడపిల్ల అయితే పరువు పోతుందన్న భయం మరింత ఆలస్యం చేయిస్తుంది. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న అపోహ ఇంకొకటి. ఆగవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు విస్పష్టంగా ఆదేశించింది: పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదుపైనా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలి, అపహరణో, అక్రమ రవాణానో జరిగిందని భావించే దర్యాప్తు మొదలుపెట్టాలి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వవలసిందే. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవాడిగా చెబుతున్నాను, నంబరు పడని దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క. 1098కు కూడా ఫోన్ చేయాలి.

ఫిర్యాదు ఇచ్చిన మరుక్షణం మస్జిద్ మైకు. మన బస్తీల్లో అంతకు మించిన ప్రకటన సాధనం లేదు. పేరు, వయసు, దుస్తుల రంగు, చివరిసారి కనిపించిన చోటు, స్టేషన్ ఫోన్ నంబరు చెబితే చాలు. బిడ్డ దొరికితే ఆ సంగతీ అదే మైకులో చెప్పాలి. లేకుంటే ఆ ఫోటో ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. ఎవరి మీదనైనా అనుమానం ఉంటే పోలీసులకే చెప్పాలి, మైకులో కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2018 జూలైలో బీదర్ జిల్లా ముర్కి గ్రామంలో హైదరాబాదుకు చెందిన ముస్లిం యువ ఇంజనీరు ఒకరు గుంపు చేతిలో హతమయ్యాడు. పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే ఆయన చేసిన నేరం. మిగతాది వాట్సాప్ పుకారు చేసింది. ఆ దారుణాన్ని మనమంతా ఖండించాము. కానీ అంతకు రెండు నెలల ముందే మన పాతబస్తీలో, చాంద్రాయణగుట్టలో, ఇదే పుకారుతో ఒక హిజ్రాను కొట్టి చంపారు. దాని గురించి మనలో ఎందరు మాట్లాడారు? వార్త అందితే విచారించి నిర్ధారించుకోవాలన్న ఖుర్ఆన్ ఆదేశం (49:6) ఫార్వర్డ్ మీటకు వర్తించదా?

ఇంట్లో చెప్పవలసినదీ ఉంది. కొత్తవారితో మాట్లాడవద్దంటే చాలదు, తీసుకుపోయేవారు తెలిసినవారే కావచ్చు. “అమ్మీ రమ్మంటోంది” అని ఎవరైనా వస్తే, ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక మాట అడగడం పిల్లలకు నేర్పాలి. చెప్పలేకపోతే వెళ్లకూడదు, గట్టిగా అరవాలి. తండ్రి పూర్తి పేరు, ఫోన్ నంబరు అయిదేళ్ల బిడ్డకు కంఠస్థం కావాలి.

మస్జిద్ కమిటీలు 1098ను, స్థానిక స్టేషన్ నంబరును వచ్చే జుమాలోగా నోటీసు బోర్డుపై రాయించాలని కోరుతున్నాము.