డీజిలు మెకానికు పనిలో చేరు మన పిల్లలు

షోలాపురములోను, భివండిలోను మరమగ్గముల చప్పుడు నడుమ పెరిగిన మన పిల్లలు కొందరు లారీ షెడ్డులలో చేరుచున్నారు. నేత బిడ్డకు గ్రీజు చేతులేమిటని పెద్దలు నొచ్చుకొందురు. మేమా మాట అనము. మా బాధ చేర్చు పద్ధతిని గూర్చినది.

చదువు మధ్యలో మాన్పించి, కాగితము లేక, కూలి మాట లేక షెడ్డుకు అప్పగించుచున్నాము. పది ప్యాసయిన పిల్లవానికి ఐ.టి.ఐ.లో మెకానిక్ డీజిల్ చదువు ఒక్క ఏడాదే. ఆ పిమ్మట 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద ఒప్పందము వ్రాసుకొని, స్టైపెండుతో పని నేర్చుకొనవచ్చును. ఏడాది పాటు కుర్రవాని సంపాదన లేకుండుట మన ఇండ్లలో చిన్న కష్టము కాదు. అది మాకు తెలియును. అయినను షెడ్డులో ఊరక పోవు రెండేండ్లకంటె అది నయము.

తొలి మాసములలో పని యనగా సామాను కడుగుట, పానాలందించుట. "దీనికా పంపితిమి?" అని తండ్రులు మూడవ నెలలోనే మాన్పించుచున్నారు. ఇది తొందరపాటు. మనమెవరము మొదటి దినమే మగ్గమెక్కితిమి? కండెలు చుట్టితిమి, తెగిన పోగులు అతికితిమి. కడుగునప్పుడే ఏ భాగము అరిగినది, ఎక్కడ పగులు పట్టినది కంటికి తెలియును. కాని ఆరు మాసములు దాటినను వాల్వుల సందు సరిచూచుటగాని, ఇంధన గొట్టములో చేరిన గాలి తీయుటగాని చేయనియ్యనిచో, ఆ మేస్త్రి నేర్పుట లేదు, చాకిరి చేయించుకొనుచున్నాడు.

2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నియమములు వచ్చినవి. కొత్త ఇంజనులలో ఇంధనపు ఒత్తిడి గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు దాటగలదు. నలుసంత దుమ్ము ఇంజెక్టరును చెరుపును. కారుచున్న చోటు చేతితో తడుమరాదు. సన్నని ధార చర్మము చీల్చి లోనికి దిగును. పైకి సూది గుచ్చినట్లే ఉండును, చేయి పోవచ్చును. వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఈ సంగతి మొదటి దినమే చెప్పని షెడ్డులో బిడ్డను ఉంచరాదు. లోపము చెప్పు యంత్రమును వాహనమునకు తగిలించి చదువవలసి యున్నది గనుక, పదవ తరగతి వృథా కాదు.

పది ఫలితములు రాగానే ఐ.టి.ఐ. దరఖాస్తుల సంగతి కనుగొనుడు. తండ్రి ఒక పూట మగ్గమాపి, మార్కుల పత్రము చేతబట్టి, కుర్రవాని వెంట తానే వెళ్ళవలెను.