నిప్పు లేని డికాక్షన్

గృహవిజ్ఞానం

ఎండలు ముదిరినవంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో సగానికి పైగా పానీయాల గురించే ఉంటాయి. ఈ ఏడాది పలువురు సోదర సోదరీమణులు అడిగినది చల్లని నీటితో చేయు కాఫీని గురించి. దీనినే నేటి యువత ‘కోల్డ్ బ్రూ’ అంటున్నారు. నగరాలలో చదువుకొనుచున్న పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి, ఫ్రిజ్‌లో నల్లని సీసాలు వరుసగా నిలబెట్టుచున్నారనీ, అందులో ఉన్నది కషాయమో కాఫీయో పెద్దలకు బోధపడుట లేదనీ ఆ ఉత్తరాల సారాంశం. వానిలోని ప్రశ్నలను ఏరి చూడగా మూడు తేలినవి. దీనిని ఇంట్లో చేసుకొనవచ్చునా? ఇందులో ఆమ్లము ఉండదనుట నిజమేనా? రాత్రి షిఫ్టుకు ఫ్లాస్కులో తీసుకొని పోవచ్చునా? ఈ మూడింటికీ వరుసగా సమాధానం చెప్పుటకు ప్రయత్నిస్తాము. మూడవ ప్రశ్న మన కర్మాగార కుటుంబాలకు సంబంధించినది గనుక దానికి కొంత ఎక్కువ చోటు కేటాయిస్తున్నాము.

వేడికి బదులు వ్యవధి

కాఫీ గింజలోని సారాన్ని నీటిలోనికి దించుట ఒక రసాయన ప్రక్రియ. ఖనిజం నుండి లోహలవణాలను ద్రవంలోనికి రాబట్టే విధానం తెలిసిన మన ఇంజనీరు మిత్రులకు ఇందులో కొత్తదనమేమీ కనిపించదు. సారం ఎంత దిగునన్నది నాలుగు అంశాలపై ఆధారపడి ఉంటుంది. అవి నీటి వేడి, పొడి నలుగుదల, పొడికీ నీటికీ గల నిష్పత్తి, రెండూ కలిసి ఉన్న కాలం. మన ఇత్తడి ఫిల్టరులో మరుగుతున్న నీరు పోస్తాము కనుక అరగంటలోనే పని ముగుస్తుంది. చల్లని నీటిలో అణువుల కదలిక మందగిస్తుంది. ఆ లోటును కాలంతో పూడ్చవలసి ఉంటుంది. అందుచేతనే చల్లని కాఫీకి పన్నెండు మొదలు ఇరవై గంటల వరకు నిరీక్షణ తప్పదు.

అయితే వేడి చేయు పని అంతటినీ కాలం చేయలేదు. కొన్ని ఆమ్లాలు, కొన్ని చేదు పదార్థాలు, తైలాంశాలు వేడినీటిలోనే బాగుగా దిగుతాయి. చన్నీటిలో అవి తక్కువగా దిగుటవలన ఆ పానీయం నాలుకకు మృదువుగా, కొంచెం తియ్యగా తోస్తుంది. వేడినీరు పోసినప్పుడు ఇల్లంతా అలుముకొనే ఆ ఘుమఘుమ మాత్రం ఇందులో ఉండదు. ఒకటి కావలెనంటే మరియొకటి వదులుకొనవలసినదే.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. జపానులోని క్యోటో నగరంలో చన్నీటిని బొట్టుబొట్టుగా కాఫీ పొడిపై రాల్చు పొడవాటి గాజు పరికరాలు ప్రసిద్ధం. అమెరికాలో 1964లో టాడ్ సింప్సన్ అను రసాయన ఇంజనీరు ఇంట్లో వాడుకొనుటకు వీలైన పాత్ర నొకదానిని రూపొందించి, దానికి ‘టాడీ’ అని పేరు పెట్టినారు. ఆంగ్లంలో మన కల్లుకు ఉన్న పేరు కూడ అదే కావచ్చును గాని, ఆ పాత్రలో దిగేది కాఫీ మాత్రమేనని పాఠకులు గ్రహించగలరు.

పొడిని ఎన్నుకొనుట

ఫిల్టరు కొరకు కొట్లో పట్టించే మెత్తని పొడి దీనికి పనికిరాదు. మెత్తని పొడి నీటిలో బురదవలె పేరుకొని బట్టలోనుంచి దిగదు, దిగినను చేదెక్కుతుంది. కాఫీ గింజలు మరపట్టించే దుకాణంలో ఉప్మారవ్వ పలుకంత ముతకగా పట్టించి ఇమ్మని అడుగవలెను. ఇంట్లో మిక్సీ ఉన్నవారు గింజలను కొద్దికొద్దిగా వేసి, ఆపి ఆపి తిప్పి, ఆ పాటి పలుకు రాగానే తీసివేయవచ్చును.

రెండవది చికోరీ సంగతి. చికోరీ అన్నది ఒక మొక్క వేరు. దానిని వేయించి పొడిచేసి కాఫీలో కలుపుతారు. అది డికాక్షన్‌కు రంగును, చిక్కదనాన్ని ఇస్తుంది గాని అందులో కెఫీన్ ఉండదు. చికోరీ కలుపుట నేరం కాదు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ - చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు, ఏది ఎంత ఉన్నదో పొట్లంపై ముద్రించవలెను. ముద్రించకుండ అమ్ముటయే దోషం. అనుమానం కలిగినప్పుడు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చును. గాజు గ్లాసు నిండుగా చన్నీరు పోసి, పైన చిటికెడు పొడి చల్లవలెను. కాఫీ పొడి చాలసేపు నీటిపై తేలుతుంది. చికోరీ కొద్దిసేపటికే గోధుమరంగు చారలు విడుచుచు అడుగునకు జారుతుంది. చన్నీటి కాఫీకి చికోరీ లేని పొడి మేలని మా అభిప్రాయం. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ వాసులు చికోరీ కలిపిన దానినే చన్నీట నానబెట్టి పాలతో త్రాగుతారు గనుక ఇది రుచికి సంబంధించిన మాట మాత్రమే.

గింజలలో అరబికా, రోబస్టా అని రెండు ముఖ్య రకాలు. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో దాదాపు 2.2 శాతం. మన అరకు లోయలో, పాడేరు కొండలలో గిరిజన రైతులు నీడచెట్ల క్రింద, మిరియపు తీగల నడుమ పండించేది అరబికాయే. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దుకాణాలలో ఈ కాఫీ దొరుకుతుంది. రుచి, ఆరోగ్యం రెంటి దృష్ట్యా చన్నీటి కాఫీకి అరబికా అనువైనది. ఆ రూపాయి మన కొండల వైపు పోవుట అదనపు లాభం.

చేయు విధానం

కావలసినవి: ముతక కాఫీ పొడి 100 గ్రాములు, కాచి చల్లార్చిన నీరు ఒక లీటరు, మూత గల గాజు సీసా గాని స్టీలు గిన్నె గాని, ఉతికి ఆరబెట్టిన పలుచని నూలుబట్ట.

పాత్రను, గరిటెను మరిగిన నీటితో కడిగి ఆరనీయవలెను. పొడిని పాత్రలో వేసి, ముందుగా పావులీటరు నీరు పోసి పొడి అంతయు తడియునట్లు కలుపవలెను. తరువాత మిగిలిన నీటిని పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచవలెను. సాయంత్రం ఆరు గంటలకు పెట్టినచో మరునాడు మధ్యాహ్నమునకు తయారగును. అప్పుడు పైన తేరిన దానిని ముందుగా వంచి, అడుగున ఉన్నదానిని బట్టలో పోసి దానంతట అదే దిగనీయవలెను. బట్టను పిండినచో సన్నని మడ్డి దిగి రుచి చెడుతుంది. పొడి కొంత నీటిని పీల్చుకొనును గనుక లీటరుకు ఎనిమిది వందల మిల్లీలీటర్ల వరకు మాత్రమే చేతికి వస్తుంది.

ఇది చిక్కని డికాక్షన్. నూరు మిల్లీలీటర్లకు అంతే చన్నీరు గాని, కాచి చల్లార్చిన పాలు గాని కలిపి త్రాగవలెను. చల్లని ద్రవంలో పంచదార త్వరగా కరగదు. అందుచేత పంచదారకు సమానంగా నీరు పోసి మరిగించి, ఆ పలుచని పాకాన్ని సీసాలో ఉంచుకొనుట సుళువు. మిగిలిన పిప్పిని పెరటిలోని ఎరువు గుంటలో వేయవచ్చును.

ఇందువలన ఖర్చు కలిసివచ్చునని కొందరి భావన. లెక్కచూడగా అది నిలువదు. పై కొలతలో ఒక్కొక్క గ్లాసుకు పన్నెండు గ్రాములకు పైగా పొడి పడుతున్నది. మిగిలిన గ్యాసు విలువ ఆ అదనపు పొడి విలువకు సరితూగదు. మధ్యాహ్నపు ఎండలో పొయ్యి దగ్గర నిలబడే శ్రమ తప్పుటయే ఇందులోని నిజమైన ఆదాయం.

‘గది ఉష్ణోగ్రత’ ఎవరి గదిది?

విదేశీ పుస్తకాలలో ఈ కాఫీని ‘గది ఉష్ణోగ్రత’లో రాత్రంతా ఉంచమని వ్రాస్తారు. ఆ గది ఇరవై డిగ్రీల గది. మే మాసంలో మన క్వార్టర్ల వంటగది ముప్పై అయిదు డిగ్రీలు దాటుతుంది. కాఫీ ఆమ్లగుణం కలదే అయినను, సూక్ష్మజీవులను అరికట్టగలిగినంత ఆమ్లం అందులో లేదు. పచ్చడిని పులుపు కాపాడినట్లు కాఫీని ఆమ్లం కాపాడదు. వేడినీటి డికాక్షన్‌లో మరిగిన నీరే చాలవరకు శుద్ధి చేస్తుంది. ఇందులో ఆ మెట్టు లేదు. 2017లో అమెరికాలో ఒక సంస్థ, గాలి చొరని డబ్బాలలో నింపిన చన్నీటి కాఫీలో ప్రాణాంతకమైన బొట్యులిజం విషం ఏర్పడే అవకాశం ఉన్నదని గుర్తించి, ఎవరికీ హాని జరుగక మునుపే సరుకును వెనుకకు తెప్పించుకొన్నది.

కనుక నానబెట్టుటయు, నిలువచేయుటయు రెండూ ఫ్రిజ్‌లోనే, అయిదు డిగ్రీలకు లోపుననే జరుగవలెను. వడకట్టిన డికాక్షన్‌ను నాలుగు రోజులకు మించి ఉంచవలదు. పాలను త్రాగబోవు సమయంలోనే కలుపవలెను. కరెంటు గంటల తరబడి పోయి సీసా చల్లదనం కోల్పోయినచో సందేహించక పారబోయవలెను. సీసాపై తేదీని, పేరును వ్రాసిన కాగితం అంటించుట అవసరం. పిల్లలు దానిని శీతలపానీయంగా పొరబడే ప్రమాదం ఉన్నది.

ఆమ్లం లేదనుట

ఇక రెండవ ప్రశ్న. కడుపులో మంట గలవారు ఈ కాఫీని నిశ్చింతగా త్రాగవచ్చునని ప్రచారం జరుగుచున్నది. 2018లో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన పరిశోధకులు నీనీ రావు, మేగన్ ఫుల్లర్‌లు ఈ విషయాన్ని పరీక్షించినారు. వేడి కాఫీ, చల్లని కాఫీ రెండింటి పి.హెచ్. విలువలు 4.85 - 5.13 మధ్యనే ఉన్నట్లు వారు కనుగొన్నారు. అయితే వేడి కాఫీలో మొత్తం ఆమ్లాల పరిమాణం కొంత ఎక్కువగా ఉన్నది. అనగా పులుపు తక్కువ అనిపించుట నిజమే గాని, ఆమ్లం లేదనుట నిజం కాదు. పైగా జఠరరసాన్ని ప్రేరేపించు గుణం కాఫీలోని కెఫీన్ మొదలగు పదార్థాలకే ఉన్నది. అల్సరు, ఛాతిలో మంట ఉన్నవారు వైద్యుని సలహా లేక దీనిని ఔషధంగా భావించవలదు.

రాత్రి షిఫ్టు - ఫ్లాస్కు

మూడవ ప్రశ్నకు వచ్చుటకు ముందు ఒక చిన్న లెక్క. 100 గ్రాముల అరబికాలో ఉన్న కెఫీన్ సుమారు 1,200 మిల్లీగ్రాములు. అంతా నీటిలోనికి దిగదు గాని, జాగ్రత్త కొరకు గరిష్ఠమే తీసుకొందాము. లీటరు నీటికి అది 1,200 అయితే, నూరు మిల్లీలీటర్ల డికాక్షన్‌లో 120 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చును. రోబస్టా అయితే 220 వరకు ఉండవచ్చును. ఆరోగ్యవంతులైన పెద్దలు రోజు మొత్తంలో 400 మిల్లీగ్రాములకు, గర్భిణీ స్త్రీలు 200 మిల్లీగ్రాములకు మించరాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో సూచించినది. రోబస్టాతో చేసిన రెండు గ్లాసులు ఆ హద్దును దాటగలవన్నమాట. వేడి కాఫీని ఊదుకొనుచు గుక్కగుక్కగా త్రాగుతాము. చల్లనిది దాహం కొద్దీ ఒక్క పట్టున గొంతు దిగిపోవును. చేదు లేనందువలన దాని బలం నాలుకకు తెలియదు.

కెఫీన్ శరీరంలో సగానికి తగ్గుటకు సుమారు అయిదు గంటలు పడుతుంది. ‘సి’ షిఫ్టులో నాలుగు గంటల వేళ కునుకు ముంచుకొని వచ్చినప్పుడు ఒక గ్లాసు త్రాగిన సోదరుని తీసుకొందాము. ఆరు గంటలకు విధులు ముగించి, ఇంటికి చేరి, తొమ్మిది గంటలకు పక్క మీద వాలినప్పటికి త్రాగినదానిలో సగం ఇంకను ఒంటిలోనే ఉంటుంది. నిద్రకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకొన్నను నిద్ర గంటకు పైగా తగ్గునని 2013లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపినది. ఆ తగ్గిన గంట మరునాటి షిఫ్టుకు అప్పుగా చేరుతుంది. ఆ అప్పు తీర్చుటకు మరొక గ్లాసు. ఇట్లు నాలుగు రాత్రులు గడచిన మనిషి క్రేను మీటల వద్ద గాని, తెల్లవారుజామున స్కూటరు మీద గాని ఎంత అప్రమత్తంగా ఉండగలడో మేము చెప్పనవసరం లేదు.

అందుచేత మా సలహా ఇది. ఫ్లాస్కు తీసుకొనిపోవచ్చును. పాలు కలుపని డికాక్షన్‌ను, శుభ్రమైన నీటితో చేసిన మంచుముక్కలతో నింపుకొనవలెను. అది కూడ ఒక్క గ్లాసుకు సరిపడునంతే. షిఫ్టు మొదట్లో గాని, అర్ధరాత్రి దాటిన గంటలోపు గాని త్రాగివేయవలెను. రెండు గంటలు దాటిన పిదప మంచినీరో, పలుచని మజ్జిగో ఉత్తమం. మిగిలినది ఉదయం ఇంటికి తెచ్చి మరల ఫ్రిజ్‌లో పెట్టక పారబోయవలెను. రాత్రి విధుల నుండి వచ్చిన మనిషికి గృహిణులు ఆప్యాయంగా అందించే మొదటి లోటా కాఫీకి బదులు ఆ పూటకు వేడి పాలో, రాగి జావో ఇచ్చినచో అది ఆయన నిద్రకు, ఇంటిల్లిపాది క్షేమానికి తోడ్పడును.

సెలవు దినాన, మధ్యాహ్న భోజనమైన పిమ్మట, పిల్లలతో కూర్చుండి ఒక గ్లాసు చల్లని కాఫీ త్రాగుటకు మాత్రం ఎట్టి అభ్యంతరమూ లేదు.

వచ్చే సంచికలో వేసవిలో మంచినీటి కుండల శుభ్రతను గురించి ముచ్చటించుకొందాము.