రెండో భాగం చూడవచ్చునా?

గురజాలనుంచి ఏడో తరగతి చదివే ఒక పాప ఇలా రాసింది: "'ఫ్రోజెన్' బొమ్మల సినిమా మొదటి భాగం నాకు కంఠతా వచ్చు. ఈ సెలవుల్లో రెండో భాగం చూద్దామంటే మా నాన్నగారు, 'ఒకసారి అమ్ముడుపోయిన సరుకునే మళ్ళీ మూటగట్టి అమ్ముతారు, అంతే!' అంటున్నారు. మీరేమంటారు?"

పాపా, మీ నాన్నగారి అనుమానం ఉత్తది కాదు. మొదటి చిత్రం 2013లో వచ్చి లోకమంతా ఆడింది. అలాటి చిత్రానికి తరువాయి తీస్తే, అది ఎలా ఉన్నా జనం వస్తారు. 2019లో వచ్చిన రెండో భాగానికి మొదటిదానికన్నా ఎక్కువ డబ్బే వచ్చింది. కనక వసూళ్ళను చూసి మంచిచెడ్డలు తేల్చలేం.

నేను ఒకటే చూస్తాను. మొదటి కథలో లేని చిక్కు రెండో కథలో ఏదన్నా ఉన్నదా? మీ ప్రాంతంలో పల్నాటి వీరుల కథ చెప్పేవాళ్ళు కోడిపందెం దగ్గిర ఆపెయ్యరు గదా! పెద్దలు తెచ్చుకున్న తగవు కొడుకుల మెడకు చుట్టుకుంటుంది. బాలచంద్రుడు కారెంపూడి యుద్ధానికి బయలుదేరతాడు. దాన్ని సాగదీసిన కథ అని ఎవరూ అనరు.

'ఫ్రోజెన్ 2'లోనూ అలాటి చిక్కే ఉన్నది. (కథ ముందే తెలియటం ఇష్టంలేనివాళ్ళు ఇక్కడ ఆగిపోవచ్చు.) ఎల్సా, అన్నా అక్కచెల్లెళ్ళు. అన్నా అనేది చెల్లెలి పేరు, మన చెవికి వింతగానే ఉంటుంది! వాళ్ళ తాత రాజుగా ఉండగా, పొరుగున ఉన్న అడవిజనానికి ఒక ఆనకట్ట కట్టించి ఇచ్చాడు. అది కానుక అనే అందరూ అనుకున్నారు. నిజానికి ఆ జనం నేలను దుర్బలం చెయ్యటానికే అతను దాన్ని కట్టించాడని మనవరాళ్ళకు తెలుస్తుంది. ఆనకట్టను కూలిస్తేగాని అడవికి పట్టిన చెర వదలదు. కూలిస్తే నీళ్ళు తమ ఊరిమీదికే పోతాయి. తాత చేసిన తప్పుకు మనవరాలు ఏం చెయ్యాలి? మొదటి భాగంలో ఇంత పెద్ద ప్రశ్న లేదు.

పల్నాటి పిల్లలకు ఆనకట్ట అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. మాచర్ల అవతల కృష్ణకు అడ్డంగా 124 మీటర్ల ఎత్తున నాగార్జునసాగర్ ఉన్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. ఇది సినిమాలోలాగా రహస్యంగా చేసిన కుట్ర కాదు, పైరుపచ్చలకోసం అందరూ చూస్తూండగా రాయిమీద రాయి పేర్చి కట్టినది. కుడికాలవ నీళ్ళు మీ పొలాలకు వచ్చాయి. అదే జలాశయం నాగార్జునకొండ లోయను ముంచింది. ముందుగా తవ్వకాలు జరిపి బౌద్ధ కట్టడాలు కొన్నిటిని కొండమీదికి ఎక్కించారు. లోయలోని ఊళ్ళవాళ్ళు ఇళ్ళు విడిచి వెళ్ళారు.

అందుకే చిత్రం ముగింపు నాకు రుచించలేదు. అన్నా తెగించి, రాతి రాకాసులను రెచ్చగొట్టి, వాళ్ళు విసిరే బండలతో ఆనకట్టను కూలగొట్టిస్తుంది. అంతవరకూ చాలా బాగున్నది. నీళ్ళు కొండలాగా ఊరిమీదికి వస్తూంటే, ఎల్సా నీటిగుర్రం ఎక్కి వచ్చి వాటిని మంచుతో ఆపేస్తుంది. కోట చెక్కుచెదరదు! సాగర్ దిగువన ఉండేవాళ్ళను అడిగి చూడు, వరద అలా ఆగుతుందేమో! తమ ఊరు పోయినా సరేనని అన్నా సిద్ధపడింది. కథ రాసినవాళ్ళకే అంత ధైర్యం చాలలేదు.

మంచుబొమ్మ ఓలాఫ్, నీటికి జ్ఞాపకం ఉంటుందంటాడు. కథలో ముచ్చటగానే ఉన్నది గాని పరీక్షలో రాయకు. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకునే పట్టు, సెకనులో సుమారు లక్షకోట్లవ వంతు కాలంలోనే వీడిపోయి మరొకదానితో కలుస్తుంది. అంత నిలకడలేనిది దేన్ని గుర్తుపెట్టుకుంటుంది?

చిత్రం 103 నిమిషాలు. నడుమ అడవిలో కొంతసేపు కథ ఎటు పోతున్నదో తెలియదు. ఎల్సా ఒంటరిగా చీకటి సముద్రంలోకి పరిగెత్తి, అలలమీద మంచు పరుచుకుంటూ పడుతూ లేస్తూ పోయే ఘట్టం ఒక్కటి చాలు, ఆ కాస్త విసుగు మరిచిపోతావు. తెలుగు ప్రతిలో ఎల్సాకు నిత్యా మీనన్, చిన్ననాటి ఎల్సాకు మహేశ్‌బాబుగారి అమ్మాయి సితార గొంతు ఇచ్చారు. ఓలాఫ్ మాయమయేచోట అయిదేళ్ళలోపు తమ్ముళ్ళు ఏడవచ్చు. మళ్ళీ వస్తాడని ముందే చెవిలో చెప్పు.

కాబట్టి, చూడవచ్చును. మీ నాన్నగారిని కూడా కూర్చోబెట్టు. ఆయన మొదటి భాగం చూడకపోయినా ఫరవాలేదు. ఓలాఫ్ ఆ కథంతా ఒక్కడే గబగబా నటించి చూపిస్తాడు, అందరికన్నా ఎక్కువ నవ్వు వచ్చేది అక్కడే. మూడో భాగాన్ని 2027 నవంబరులో విడుదల చేస్తామని డిస్నీవారు ప్రకటించారు. దాని సంగతి వచ్చాక చూద్దాం. ఈలోగా, ఆనకట్ట కూలిన ఘట్టం చూసి మీ నాన్నగారు ఏమన్నారో నాకు రాయి.