వీధి కెమెరాకి గ్రీన్ డాట్ ఎందుకు లేదు?

కొత్త ఫోన్ చేతికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని యాప్ పర్మిషన్లు చూసుకోవడం. టార్చ్ యాప్ వచ్చి కాంటాక్ట్స్ అడిగితే "నీకెందుకురా?" అని డినై కొట్టేస్తాం. ఐఓఎస్ 14లో, ఆ తర్వాత ఆండ్రాయిడ్ 12లో స్క్రీన్ మూలన చిన్న గ్రీన్ డాట్ వచ్చింది గుర్తుందా? కెమెరా ఆన్ అయిన వెంటనే అది వెలుగుతుంది. మనకి తెలియకుండా ఏ యాప్ అయినా కెమెరా వాడుతుంటే పట్టేసుకోవచ్చు. ఆ ఫీచర్ వచ్చినప్పుడు మనమందరం తెగ మెచ్చుకున్నాం.

ఇప్పుడు ఫోన్ జేబులో పెట్టుకుని అమీర్‌పేట మెట్రో దిగి, మైత్రీవనం వైపు పది నిమిషాలు నడవండి. స్తంభాల మీద, షాపుల బోర్డుల కింద, కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర, సిగ్నల్ దగ్గర ఎన్ని కెమెరాలు ఉన్నాయో లెక్కపెట్టండి. వాటిలో ఒక్కటి కూడా మనల్ని పర్మిషన్ అడగదు. దేనికీ గ్రీన్ డాట్ ఉండదు. ఆ వీడియో ఎక్కడికి వెళ్తోంది, ఎవరు చూస్తున్నారు, ఎన్నాళ్లు ఉంటుంది అని తెలుసుకునే సెట్టింగ్స్ పేజీ కూడా లేదు.

నేను కెమెరాలు వద్దనే బ్యాచ్ కాదు, ముందే చెప్పేస్తున్నా. నా అభ్యంతరం కెమెరా మీద కాదు, దాని వెనకున్న సిస్టమ్ మీద. ఎందుకో చెప్పాలంటే మా కాలనీలో జరిగింది చెప్పాలి.

మా కాలనీ, 16 కెమెరాలు, 11 ఫోన్లు

మా కాలనీలో ఇంటింటికీ చందాలు వేసుకుని 16 కెమెరాలు పెట్టించారు. రెండు బైకులు పోయాయి కాబట్టి ఎవరూ కాదనలేదు, నేను కూడా. అసోసియేషన్ సెక్రటరీ గారు ఒక ఆదివారం పిలిచి, "బాబూ, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఇది నా ఫోన్లో రావట్లేదు, కాస్త చూడు" అన్నారు. చూశా. టెక్నీషియన్ పెట్టి వెళ్లిన పాస్‌వర్డ్ కాలనీ పేరు, దాని పక్కన 123. యూజర్ అకౌంట్ ఒకటే, అదీ అడ్మిన్. అదే లాగిన్ 11 ఫోన్లలో ఉంది. కమిటీ వాళ్లవి కొన్ని, వాచ్‌మన్‌ది ఒకటి, కిరాణా షాపు ఆయనది ఒకటి, పాత కమిటీలో ఉండి ఇల్లు మారిపోయినవాళ్లవి రెండు. నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, ఆయన ఫోన్లో యాప్ సరిచేసి, నా ఫోన్లో కూడా వేసుకుని ఇంటికి వచ్చేశా.

రెండు నెలల తర్వాత కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక క్లిప్ వచ్చింది. రాత్రి 11:40, ఒకమ్మాయి బైక్ దిగి హాస్టల్ గేట్ తీస్తోంది. "ఈ అమ్మాయి ఏ హాస్టల్? టైం చూడండి" అని కింద మెసేజ్. ఆ తర్వాత ఏమేం వచ్చాయో మీరు ఊహించుకోవచ్చు. అది బైక్ ట్యాక్సీ. ఆ అమ్మాయి సెకండ్ షిఫ్ట్ చేసే సపోర్ట్ ఇంజనీర్. నెల తిరక్కుండానే హాస్టల్ ఖాళీ చేసింది. సామాను ఆటోలో పెట్టుకుంటుంటే నేను ఎదురుపడ్డా. "అన్నా, ఆ కెమెరాలు దొంగల కోసం అన్నారు కదా" అంది. అంతే, ఇంకేం అనలేదు.

క్లిప్ ఎవరు తీసి పెట్టారో ఇప్పటికీ తెలియదు. 11 ఫోన్లూ ఒకటే లాగిన్ కాబట్టి లాగ్‌లో "అడ్మిన్" అని మాత్రమే ఉంది. ఆఫీసులో ఎవరైనా ప్రొడక్షన్ సర్వర్‌కి ఇలా షేర్డ్ పాస్‌వర్డ్ పెడితే రివ్యూలో గోల గోల చేసేవాణ్ణి. ఇక్కడ కళ్లతో చూసి కూడా నోరు మెదపలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

కాలనీ నుంచి కమాండ్ సెంటర్ దాకా

"అది మీ కాలనీ గొడవ, పోలీసుల కెమెరాలకీ దీనికీ ఏంటి సంబంధం?" అనుకోవచ్చు. సంబంధం ఉంది. హైదరాబాద్‌లో వీధి కెమెరాల నెట్‌వర్క్ పెరిగిన తీరే అలాంటిది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చింది. జనం ఎక్కువగా వచ్చే షాపులు, సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలి, ఫుటేజ్ 30 రోజులు దాచాలి అని అది చెప్తుంది. ఆ తర్వాత తెలంగాణ పోలీసులు "నేను సైతం" పేరుతో కాలనీలు, వ్యాపారులు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టేలా చేశారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ఇంటిగ్రేటెడ్ కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది.

అంటే చట్టం ప్రకారం కెమెరా పెట్టడం బాధ్యత, ఫుటేజ్ దాచడం బాధ్యత. సామాన్యుడికి కనబడని భాగం ఇంకోటి ఉంది: దాన్ని ఎవరు చూడొచ్చు, చూసినట్టు ఎక్కడ రాయాలి, దుర్వినియోగం అయితే ఎవరికి చెప్పుకోవాలి? నేను చూసిన ఏ కెమెరా కిందా ఒక్క ఫోన్ నంబర్ కూడా లేదు.

ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2021లో వాలంటీర్లతో పాతబస్తీ వైపు కెమెరాలు మ్యాప్ చేయిస్తే కాలాపత్థర్‌లో 53.7 శాతం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం ప్రాంతం కెమెరా కంట్లో ఉందని తేలింది. ఆ వీధుల్లో వాళ్లు పాలకి వెళ్లినా, మసీదుకి వెళ్లినా, ధర్నాకి వెళ్లినా రికార్డే.

రికార్డింగ్ వేరు, గుర్తుపట్టడం వేరు

మామూలు సీసీటీవీలో మీరు కొన్ని పిక్సెల్స్ మాత్రమే. మనిషి కూర్చుని చూస్తే తప్ప మీరెవరో తెలియదు. ఫేషియల్ రికగ్నిషన్ కలిపితే కథ మారిపోతుంది. సాఫ్ట్‌వేర్ మీ ముఖాన్ని 128 లేదా 512 నంబర్ల వరుసగా మారుస్తుంది. డేటాబేస్‌లో ఉన్న వరుసలతో పోల్చి, ఎంత దగ్గరగా ఉందో ఒక స్కోర్ ఇస్తుంది. స్కోర్ ఎంత దాటితే "ఇతనే" అనాలి అన్నది ఆ సిస్టమ్ నడిపేవాళ్లు పెట్టుకునే గీత. 2022లో ఒక ఆర్‌టీఐకి ఇచ్చిన జవాబులో ఢిల్లీ పోలీసులు 80 శాతం పోలిక దాటితే పాజిటివ్‌గా తీసుకుంటామని చెప్పారు.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. ఇది ఊహా లెక్కే. ఒక సెంటర్‌లో రోజుకు లక్ష ముఖాలు స్కాన్ అవుతున్నాయనుకోండి. సిస్టమ్ తప్పు వెయ్యిలో ఒక్కటే అనుకుందాం. బ్రోచర్‌లో "99.9 శాతం యాక్యురసీ" అని పెద్ద అక్షరాలతో వేసుకోవచ్చు. కానీ లక్షలో వెయ్యికొకటి అంటే రోజుకు 100 మంది అమాయకులు. నిజంగా పోలీసులు వెతుకుతున్నవాళ్లు ఆ రోజు 10 మంది వచ్చి, పది మందీ దొరికారనుకున్నా, మొత్తం 110 అలర్ట్‌లలో 100 తప్పు. ఫోన్ ఫేస్ అన్‌లాక్ ఫెయిలైతే పిన్ కొడతాం. ఇక్కడ ఫెయిలైతే కానిస్టేబుల్ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు.

పైగా ఈ తప్పులు అందరికీ సమానంగా పడవు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో చేసిన పరీక్షల్లో, చాలా అల్గారిథమ్స్‌లో తప్పు మ్యాచ్‌లు కొన్ని జాతుల వాళ్లకి మిగతావాళ్ల కంటే 10 నుంచి 100 రెట్లు ఎక్కువ వచ్చాయి.

2021 మేలో లాక్‌డౌన్ టైంలో హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్తని పోలీసులు ఆపి, మాస్క్ తీయమని, ఆయన వద్దన్నా ఫొటో తీసుకున్నారు. ఆయన దాని మీద హైకోర్టుకి వెళ్లారు. 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఆయన అడుగుతున్నది సింపుల్: ఏ చట్టం కింద ఈ టెక్నాలజీ వాడుతున్నారు? ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరానికి మించకూడదు.

"తప్పు చేయనివాడికి భయం ఎందుకు?"

ఇది మా నాన్న కూడా అడిగారు. నా జవాబు: ఆ అమ్మాయి ఏం తప్పు చేసింది?

రెండో ప్రశ్న ఇంకా న్యాయమైనది. కెమెరాల వల్ల కేసులు తేలట్లేదా? తేలుతున్నాయి. చైన్ స్నాచింగ్, యాక్సిడెంట్ చేసి పారిపోవడం, తప్పిపోయిన పిల్లలు, వీటిల్లో ఫుటేజ్ ఎంత ఉపయోగమో పోగొట్టుకున్నవాళ్లని అడిగితే చెప్తారు. నేరాలు తగ్గుతాయా అంటే, 40 ఏళ్ల పరిశోధనల్ని కలిపి 2019లో చేసిన సమీక్షలో కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయి. ఎక్కువ ఫలితం కనిపించింది కార్ పార్కింగ్‌లలో. ఉపయోగం ఉంది, కానీ ప్రతి స్తంభానికీ ముఖం గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ తగిలించడానికి అది సమాధానం కాదు. పార్కింగ్‌లో బైక్ దొంగని పట్టుకోవడానికి వేరే లక్ష మంది ముఖాలు డేటాబేస్‌తో పోల్చక్కర్లేదు.

ఇక భద్రత కోసం సేకరించిన డేటాకే భద్రత ఉందా? 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా హ్యాకర్ చేతికి చిక్కింది. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి గదుల సీసీటీవీ వీడియోలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చాయి. 2016లో మిరాయ్ బాట్‌నెట్ ఏకంగా కెమెరాల్నే ఆయుధాలుగా మార్చింది. వాడిన కిటుకు మీకు తెలిసిందే: ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకపోవడం. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీటీవీలకి సెక్యూరిటీ టెస్టింగ్ తప్పనిసరి చేశారు. మంచి పని. కానీ బాక్స్ మీద సర్టిఫికెట్ ఉన్నా, లోపల పాస్‌వర్డ్ కాలనీ పేరు 123 అయితే అది దేనికి పనికొస్తుంది?

2023 డేటా ప్రొటెక్షన్ చట్టం ఉంది కదా అంటే, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. అదీ గాక నేరాల నివారణ, దర్యాప్తు కోసం వాడే డేటాకి అందులో చాలా మినహాయింపులున్నాయి. మన ఫుడ్ డెలివరీ యాప్‌ని అడగగలిగే ప్రశ్నలు చాలావరకు స్తంభం మీది కెమెరాని అడగలేం.

కెమెరాకి కూడా స్పెక్ షీట్ కావాలి

ఫోన్ కొనేముందు మనం సెన్సర్ సైజు దగ్గర్నుంచి అప్‌డేట్స్ ఎన్నేళ్లిస్తారో దాకా అడుగుతాం. ప్రతి వీధి కెమెరా కింద ఒక క్యూఆర్ కోడ్ పెట్టి, ఈ ఐదు విషయాలు చూపిస్తే చాలు:

1. ఓనర్ ఎవరు: పోలీసులా, షాపా, అసోసియేషనా?
2. ఫుటేజ్ ఎన్ని రోజులు ఉంటుంది, ఎప్పుడు డిలీట్ అవుతుంది?
3. ఫేషియల్ రికగ్నిషన్ ఉందా లేదా? ఉంటే ఏ చట్టం కింద?
4. ఎవరు చూశారో లాగ్ ఉందా? దాన్ని బయటివాళ్లు ఎవరైనా తనిఖీ చేస్తారా?
5. ఫిర్యాదు ఎవరికి చేయాలి?

ఇందులో ఏదీ దొంగకి సాయం చేయదు. ఐదో ప్రశ్నకి జవాబు ఉండి ఉంటే మాత్రం ఆ అమ్మాయికి సాయం అయ్యేది.

ప్రభుత్వం ఎప్పుడు చేస్తుందో గానీ, మన కాలనీ వరకు మనం ఇవాళే చేయొచ్చు. ఆ అమ్మాయి వెళ్లిపోయిన వారం నేను సెక్రటరీ గారి ఇంటికి వెళ్లి కూర్చున్నా. పాస్‌వర్డ్ మార్చాం. 11 ఫోన్లలోంచి లాగిన్ తీసేసి, ఇద్దరికి మాత్రం వేర్వేరు అకౌంట్లు పెట్టాం. హాస్టల్ గేట్ వైపు తిరిగి ఉన్న కెమెరాని రోడ్డు వైపు తిప్పాం. ఎవరు ఫుటేజ్ అడిగినా తేదీ, టైం, కారణం రాసి సంతకం పెట్టేలా ఒక రిజిస్టర్ పెట్టాం. గ్రూప్‌లో క్లిప్‌లు పెట్టకూడదని రూల్. మొత్తం పట్టింది గంటన్నర, ఖర్చు రిజిస్టర్‌కి అయిన 60 రూపాయలు.

"మరి దొంగతనం జరిగితే?" అని కిరాణా షాపు ఆయన అలిగాడు. తర్వాత స్కూటర్ బ్యాటరీ ఒకటి పోయింది. రిజిస్టర్‌లో రాసి, అరగంటలో క్లిప్ తీసి స్టేషన్‌లో ఇచ్చాం. కెమెరా పని కెమెరా చేసింది.

ఈ సైట్‌లో రివ్యూ చివర రేటింగ్ ఇవ్వడం అలవాటు కాబట్టి మన వీధి కెమెరాలకి నాది ఇదీ: హార్డ్‌వేర్‌కి 5కి 4. ప్రైవసీకి 5కి 1, ఆ ఒక్కటీ కోర్టులో ఇంకా పోరాడుతున్నవాళ్ల కోసం. మీ అపార్ట్‌మెంట్ డీవీఆర్‌కి మీరిచ్చే రేటింగ్ ఎంత? ఈ ఆదివారం ఒకసారి పాస్‌వర్డ్ అడిగి చూడండి. వాచ్‌మన్ ఠక్కున చెప్పేశాడంటే, మీ కాలనీలో కూడా పని మొదలుపెట్టాల్సిందే.