వర్ణానికి వెలుగే వ్యాకరణం

అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలలోని చీరల దుకాణాలకు వెళ్ళినవారందరికీ పరిచితమైన దృశ్యం ఒకటున్నది. దీపాల ధగధగలో ఎంచుకున్న చీరను మన స్త్రీలు వెంటనే కట్టించుకోరు. వాకిలి దాకా తీసుకువెళ్ళి, పగటి వెలుగులో ఒకసారి మడత విప్పి చూస్తారు. లోపల నెమలికంఠమనిపించినది బయట ఉత్త ఆకుపచ్చగా తేలవచ్చు. దీపాన్ని బట్టి రంగు మారుతుందన్న సత్యం ఏ శాస్త్రమూ చదవకుండానే మన ఇల్లాండ్రకు తెలుసు. విచిత్రమేమంటే, చిత్రకళ నేర్చే పిల్లలకూ, వారికి డబ్బిచ్చే పెద్దలకూ ఈ సంగతి స్ఫురించటం లేదు. రంగుల గొట్టాలకూ, కుంచెలకూ, కాన్వాసులకూ వేలు వెచ్చిస్తారు. వాటిని చూపించే దీపం మాత్రం ఇంటి యజమాని ఎప్పుడో బిగించిపోయినదే.

తెలుగు పండితుడికి దీపాల ఊసెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. వర్ణమంటే మనకు అక్షరమూ, రంగూ కూడా. అక్షరానికి ఉచ్చారణ స్థానం ఎలాంటిదో రంగుకు వెలుగు అలాంటిది. స్థానం తప్పితే పలికినది వేరొక అక్షరమవుతుంది. వెలుగు తప్పితే కనిపించినది వేరొక రంగవుతుంది. కామసూత్రాలకు యశోధరుడు రచించిన జయమంగళ వ్యాఖ్యలో చిత్రానికి ఆరు అంగాలు చెప్పబడ్డాయి. రూపభేదంతో మొదలై వర్ణికాభంగంతో ముగుస్తాయి. రంగులను విభజించి, కలిపి, నిలపగల నేర్పే వర్ణికాభంగం. కన్ను రంగును సరిగా చూడలేని గదిలో ఆ నేర్పు ఎక్కడినుండి వస్తుంది?

నాకీ ఆలోచన మా ఇంట్లోనే కలిగింది. సోమాజిగూడలో మేముంటున్నది ఒక అపార్టుమెంటు రెండవ అంతస్తులో. చిత్రలేఖనం చదువుకుంటున్న మా మనవరాలు వాళ్ళ నాయనమ్మ ముఖచిత్రాన్ని రాత్రిపూట హాల్లో, పసుపు వెలుగు దీపం కింద వేసింది. రాత్రి చూస్తే ముచ్చటగా ఉన్నది. తెల్లవారి బాల్కనీలో పెడితే ముఖమంతా నీలంగా కనిపించింది. "నేనింకా బ్రతికే ఉన్నానే తల్లీ!" అన్నది మా ఆవిడ. మేము నవ్వాము గానీ పిల్ల నవ్వలేదు. నెల రోజుల శ్రమ అది. "తాతయ్యా, నాకు రంగులు కలపటం రాదేమో" అన్నది. రంగులు కలపటం దానికి బాగానే వచ్చు. పసుపు దీపం కింద ప్రతి రంగులోనూ కొంత పసుపు కనిపిస్తుంది. దాన్ని సరిచేయబోయి చెయ్యి తనకు తెలియకుండానే నీలం కలుపుతుంది. పగలు ఆ పసుపు వెళ్ళిపోయి, కలిపిన నీలం మిగులుతుంది. నీలిమ ఎక్కువైన తెల్లదీపం కింద దీనికి విపర్యయం జరుగుతుంది. దీపం చేసిన తప్పును పిల్లలు తమ చేతకానితనంగా లెక్కవేసుకుంటారు. ఈ వ్యాసం రాయటానికి నన్ను పురికొల్పినది అదే.

చిత్రకారుడి గదికి ఉత్తరపు వెలుగు శ్రేష్ఠమని పాశ్చాత్యుల మాట. లియొనార్డో డావించీ తన రాతలలో ఈ సలహానే ఇచ్చాడు. ఉత్తరపు కిటికీలోనుంచి ఎండ రాదు, ఆకాశపు కాంతి మాత్రమే వస్తుంది గనుక నీడలు గంటగంటకూ స్థానం మార్చవు. అయితే ఈ సూత్రం పుట్టిన దేశాలు భూమధ్యరేఖకు బహుదూరాన ఉన్నాయి. ప్యారిస్ దాదాపు 49 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఏనాడూ ఉత్తరానికి రాడు. హైదరాబాదు 17.4 డిగ్రీల మీద ఉన్నది. ఏటా మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన నిలుస్తాడు, నిలువు కర్రకు నీడ ఉండదు. ఆ రెండు తేదీల మధ్య, సుమారు మూడు నెలల పాటు, మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. పైగా మార్చి 21 నుండి సెప్టెంబరు 23 దాకా సూర్యోదయం తూర్పుకు ఉత్తరపు పక్కనే. జూన్ నెలాఖరులో ఆ వాలు దాదాపు 25 డిగ్రీలుంటుంది. కనుక పుస్తకంలో చదివి ఉత్తరపు గది అద్దెకు తీసుకుని, వేసవి ఉదయాన కాన్వాసు మీద ఎండ పడితే ఆశ్చర్యపోకూడదు.

ఉపాయం కష్టమైనది కాదు. జూన్ మధ్యాహ్నాన కూడా సూర్యుడు నడినెత్తికి ఆరు డిగ్రీలే ఉత్తరంగా ఉంటాడు గనుక అడుగు వెడల్పు సన్‌షేడు తొమ్మిదడుగుల గోడకు నీడనిస్తుంది. ఉదయ సాయంకాలాల ఏటవాలు ఎండకు కిటికీ ఇరుపక్కలా నిలువు అడ్డాలు కావాలి. అవి లేనిచోట చలవచేసిన తెల్లని పాత పంచె ఒకటి కట్టినా చాలు, ఎండ మెత్తని వెలుగుగా మారుతుంది. కిటికీ కింది సగం మూసి పై సగం తెరిచి ఉంచితే వెలుగు పైనుంచి వాలి, బొమ్మ మీద మెరుపు తగ్గుతుంది.

ఇక ఉత్తరపు కిటికీయే దుర్లభమైతే? సోనాజీ పండిట్ అనే ఉద్యోగి పేరున వెలసిన సోనాజిగూడ క్రమంగా సోమాజిగూడ అయిందంటారు. తోటల నడుమ బంగళాలుండిన ఈ పేటలో నేడు అపార్టుమెంట్లూ, అద్దాల భవనాలూ నిండాయి. వాస్తును పాటించే తెలుగువాడు సొంత ఇంటికి ఉత్తరాన ఎక్కువ జాగా వదిలేవాడు. కారణం కుబేరుడైనా, ఫలితం చక్కని వెలుగు. అపార్టుమెంటులో ఆ జాగా పోయింది. కిటికీ తెరిస్తే చేతికందే దూరాన పక్కవారి గోడ. ఆ గోడ గులాబీరంగుదైతే గదిలోకి వచ్చేది గులాబీ వెలుగే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్బీనగర్ మెట్రో ప్రారంభమైనప్పటి నుండి రోడ్డు పక్క ఇళ్ళకు ప్రయాణ సౌకర్యం కలిగిన మాట నిజమే, కింది అంతస్తుల ఆకాశంలో కొంత భాగం ఆ వంతెన తీసుకున్న మాటా నిజమే. జాతీయ నిర్మాణ స్మృతి కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఇంత వంతు ఉండాలని చెబుతుంది. పొడి వేడి ప్రాంతాలకు పదో వంతు. కిటికీ ఎంత పెద్దదో కొలిచారు సరే, దానిలోనుంచి ఆకాశం ఎంత కనిపిస్తుందో కూడా కొలవాలన్నది నా అభిప్రాయం. ఇది చిత్రకారుల కోసమే కాదు, చదువుకునే ప్రతి పిల్లవాడి కోసమూను.

ఆకాశం దొరకనివారు కృత్రిమ దీపాన్ని ఆశ్రయించటం తప్పు కాదు. కానీ చూసి కొనాలి. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకం తరువాత ఎల్‌ఈడీ బల్బు పేదవాడి ఇంటికీ చేరింది. ఖర్చు తగ్గించటంలో అది మేలైనదే. అయితే ఇంటి బల్బుకు రంగు చూపే సామర్థ్యం, దుకాణంలో సి.ఆర్.ఐ. అనేది, సాధారణంగా 80 దగ్గర ఉంటుంది. బొమ్మలు వేసేవారికి 95, తప్పనిసరైతే 90. ఎరుపును ఎలా చూపుతుందో చెప్పే ఆర్-9 అనే అంకె కూడా అడగండి. ఆ అంకె తక్కువైతే కుంకుమ ఇటుకపొడిలా కనిపిస్తుంది. వెలుగు ఛాయ 5000 కెల్విన్లు ఉంటే మధ్యస్థం. 3000 పసుపు వైపు, 6500 నీలం వైపు. చిత్రకళాశాలల గదులకు ఐరోపా ప్రమాణం 750 లక్సుల వెలుగు, సి.ఆర్.ఐ. 90, ఛాయ 5000 నుండి 6500 అని నిర్దేశిస్తున్నది.

అంకెలు తలకెక్కనివారికి ఇంటి పరీక్ష ఒకటి చెబుతాను. ఒక పళ్ళెంలో కుంకుమ, పసుపు, తమలపాకు పెట్టి పక్కన అరచెయ్యి ఉంచండి. మధ్యాహ్నం నీడపట్టున ఒకసారి, రాత్రి ఆ దీపం కింద ఒకసారి చూడండి. నాలుగింటిలో ఏది వికారంగా కనిపించినా ఆ దీపం చిత్రానికి పనికిరాదు. దీపం ఎక్కడ పెట్టాలన్నదానికి కాన్వాసు మీద చేతి అద్దం ఆనించి, మీరు నిలబడే చోటునుండి చూడండి. అద్దంలో దీపం కనిపిస్తే తైలవర్ణం మీద కూడా మెరుపే కనిపిస్తుంది, దీపాన్ని పక్కకో పైకో జరపాలి. కుడిచేతివాటం వారికి వెలుగు ఎడమ నుండి రావాలి. కాన్వాసుకూ, రంగులు కలిపే పలకకూ ఒకే దీపపు వెలుగు పడాలి. పసుపు దీపం, తెల్లదీపం కలిపి వాడవద్దు. గోడలకు తెలుపో, లేత బూడిదరంగో వేయండి.

గొప్ప కళాకారుడికి ఇవన్నీ అక్కరలేదని ఒక వాదం ఉన్నది. అజంతా గుహలలో ఏ సి.ఆర్.ఐ. ఉండేదని అడుగుతారు. ఆ చిత్రకారులు లోపలికి వెలుగును ఎలా రప్పించారన్నది నేటికీ చర్చనీయాంశమే. ఎలాగో రప్పించారన్నది మాత్రం నిస్సంశయం, చీకటిలో అంతటి వర్ణికాభంగం అసాధ్యం. వెలుగును సాధించటం కూడా వారి కళలో భాగమే. అది అక్కరలేదనటం వారిని గౌరవించటం కాదు. చేర్యాల నకాషీల పటాలలో ఎరుపు నేపథ్యం మీద విడివిడి రంగులు నిండుగా నిలుస్తాయి. అలాంటి రచన వెలుగులోని చిన్న దోషాన్ని తట్టుకుంటుంది. చర్మపు ఛాయలను ఒకదానిలో ఒకటి కరిగించే ముఖచిత్రం తట్టుకోలేదు. ఏ శైలికి ఎంత వెలుగు కావాలో తెలిసి ఉండటమే వివేకం.

బొమ్మ చివరికి వేలాడే చోటు వెలుగులోనే వేస్తే సరిపోదా అని మరికొందరంటారు. ప్రదర్శనశాలలలో రంగులు వెలిసిపోకుండా కాగితం మీది చిత్రాలకు 50 లక్సులు, తైలవర్ణాలకు 200 లక్సులు మించనివ్వరాదని వాడుక. అది చూసేవారి కోసం, కాపాడేవారి కోసం ఏర్పడిన నియమం. సృష్టించేవాడికి అంతకు ఎన్నో రెట్లు కావాలి. పగటి ఛాయలో వేసి, చివర ఇంటి దీపం కింద సరిచూసుకోవటమే నా దృష్టిలో ఉత్తమం.

మా ఇంట్లో ఉత్తరపు గది ఇప్పుడు మనవరాలిది. దేవుడి మందిరం హాల్లో తూర్పు గోడకు చేరింది, దేవుడు అభ్యంతరం చెప్పలేదు. నాయనమ్మ మళ్ళీ కూర్చుంటున్నది. చదువరులకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో, మీ వీధి బడిలో బొమ్మలు వేసే పిల్లలుంటే, తదుపరి పుట్టినరోజుకు రంగుల పెట్టె కొనేముందు వారు కూర్చునే చోటికి వెళ్ళి ఒకసారి పైకి చూడండి. అక్కడున్న దీపం మార్చవలసినదైతే ముందు దానిని మార్చండి.

స్వస్తి.