వృద్ధ సైనికుల సమావేశములు

సైనిక విద్యాలయములందు కలిసి చదివి, కలిసి కవాతుచేసి, ఒకే దినమున అధికారపత్రమును బడసినవారు వయస్సు మీరిన పిమ్మట అప్పుడప్పుడొకచోట గూడుట మన దేశమున స్థిరమైన యాచారమైనది. డెహ్రాడూనునందో, ఖడక్వాస్లయందో, మన విజయనగరము చెంతనున్న కోరుకొండయందో వారు చేరుదురు. సేనలో ప్రవేశించి యేబదియేండ్లు నిండిన తరగతి స్వర్ణోత్సవము చేసికొనును. అరువది నిండిన తరగతి మిగిలినవారిని లెక్కించుకొనును. ఒక సమావేశమునకును మఱియొక సమావేశమునకును నడుమ వీరిని గలిపియుంచునది వార్తాలేఖ. ఎవరి మోకాటికి శస్త్రచికిత్స జరిగినది, ఎవరి మనుమరాలికి వివాహమైనది, ఎవరి కన్ను మసకబారినది, ఎవరు గతించిరి, ఇవియే యందలి విషయములు. తొలియేండ్లలో నా లేఖల నిండ బదిలీలు, పదోన్నతులు నుండెడివి. ఇప్పుడు మరణవార్త మొదటి పుటకు వచ్చినది.

ఈ సమావేశములను ముసలివారి కాలక్షేపమని నవ్వువారు కలరు. విందులు, పాతపాటలు, పదియేడవ యేట పెట్టుకొన్న ముద్దుపేర్లు, వీనివలన దేశమునకేమి ప్రయోజనమని వారి ప్రశ్న. మేమట్లు తలపము. పసిప్రాయమున ఇల్లు విడిచి, భాష తెలియని బాలుర నడుమబడి, ఒకని తప్పునకు పదిమందియు మైదానము చుట్టు పరుగెత్తినవారికి గలుగు సంబంధము రక్తబంధుత్వమునకు దీసిపోదు. అది ముసలితనమున నక్కఱకు వచ్చుటయు మేమెఱుగుదుము. ఒక విశ్రాంతాధికారి కన్నుమూసినచో ఆయన తరగతివారిలో నొకరు త్వరలోనే యా యింటి గడపకు వత్తురు. పింఛను కాగితములెక్కడనున్నవి, బ్యాంకునకెవరు వ్రాయవలెను, ఆసుపత్రి పద్దులెవరు పంపవలెను, ఇవియన్నియు భార్య యడుగకముందే జరుగును. కచేరి చేయవలసిన పనిని స్నేహము ముందుగా చేయుచున్నది. ఇందు నవ్వవలసినదేమియు మాకు గానరాలేదు.

డెహ్రాడూను విద్యాలయము దొరతనమువారు దయదలచి యిచ్చినది కాదు. భారతీయులకు సేనాధికారము నీయవలెనని మన నాయకులు శాసనసభలందు యేండ్లతరబడి వాదించిన పిమ్మట 1925లో స్కీన్ అధ్యక్షతను విచారణసంఘమేర్పడెను. మోతీలాల్ నెహ్రూగారందు సభ్యులై, తరువాత రాజీనామా నిచ్చిరి. జిన్నాగారు కొనసాగిరి. 1932 అక్టోబరు 1వ తేదీన విద్యాలయము తలుపులు తెఱచునాటికి జాతీయనాయకులు పెక్కుమంది చెరసాలలందుండిరి. తొలి తరగతి నలువదిమంది. వారిలో మానెక్‌షా భారతసేనకును, మహమ్మదు మూసా పాకిస్తాను సేనకును, స్మిత్ డన్ బర్మాసేనకును అధిపతులైరి. ఒకే పంక్తిని భుజించినవారు మూడు జెండాలక్రింద నిలిచిరి. 1947లో సేనను విభజించినప్పుడు పటాలములతోబాటు సామగ్రిని గూడ పంచిరి. మానెక్‌షా చేరిన పటాలమే పాకిస్తాను పాలయ్యెను. 1965 యుద్ధమున ఆవలి సేనను నడపినవాడు మూసా. కరెన్ జాతీయుడగు స్మిత్ డన్, తనవారు తిరుగబడిన 1949లో పదవిని గోల్పోయెను. ఇట్టి తరగతికొక వార్తాలేఖ నడచియున్నచో దాని నే దేశపు తపాలాలో వేయవలసియుండెడిదో! సహాధ్యాయుల స్నేహము యుద్ధముల నాపునని చెప్పు అమాయకత్వము మాకు లేదు. ఆపలేదు కూడను.

ఆ తొలి తరగతి యెదుట 1932 డిసెంబరు 10వ తేదీన సర్వసేనాని చెట్‌వుడ్ చేసిన బోధ నేటికిని ఆ విద్యాలయమునకు మూలమంత్రమై నిలిచియున్నది. అధికారి దృష్టికి మొదట దేశము, పిదప తాను నడపు సైనికులు, తన సుఖము అన్నిటికంటె కడపట, ఇదియే దాని సారాంశము. ఆంగ్లేయుని నోట వెలువడినదైనను మనవారు దానిని తమదిగా జేసికొనిరి. ఎన్నియో యుద్ధములందు రక్తముతో దానిని నిజముచేసిరి. మా వాదమంతయు నా రెండవ స్థానము మీదనే. ఉద్యోగమున నుండగా జవాను తిన్నాడో లేదో చూచిన పిమ్మటనే తాను పళ్లెము ముందు గూర్చున్న అధికారి, విశ్రాంతుడైన పిమ్మట ఆ జవాను సంగతి యెవరికి విడిచినట్లు? సహాధ్యాయుల సమావేశమునకు సహాధ్యాయులే వత్తురు, అది సహజమే. కాని సంవత్సరమున నొకదినము విందునకై కలియువారు మఱియొకదినము పనికై కలియరాదా యని మేమడుగుచున్నాము.

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో దొరకినది కాదు. కృత్తివెన్ను ప్రాంతమున నడుగడుగున నెదురగునది. ఒకప్రక్క సముద్రము, ఒకప్రక్క ఉప్పుటేరు, నడుమ వరిచేలు పోయి రొయ్యల చెఱువులైన నేల. ఇచ్చటినుండియు, బంటుమిల్లి, పెడన, బందరు, అవనిగడ్డ ప్రాంతములనుండియు యువకులు సేనలో జేరుదురు. అధికారులగువారు కొందఱే, తక్కినవారు సిపాయిలు, నాయకులు, హవల్దారులు. అధికారి యేబదియేండ్లు దాటినగాని యిల్లు చేరడు. జవాను ముప్పదియైదు నలువదియేండ్లకే పెట్టె మోసికొని వచ్చును. అప్పటికి పిల్లలు బడిలో నుందురు. చెఱువునకు కాపలాయో, విజయవాడలో బ్యాంకు గుమ్మమునొద్ద తుపాకితో నిలుచుటయో, ఏదో యొకటి చూచికొనును. అతనితో తర్ఫీదు పొందినవారు బీహారమున నొకరు, గఢ్వాలున నొకరు, కేరళమున నొకరు. అతనికి వార్తాలేఖ లేదు. అతడు మరణించినచో ఆ వార్త ఊరి పొలిమేర దాటదు.

అందఱూరులు నిట్లేయని యనుటకు వీలులేదు. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము రెండు ప్రపంచయుద్ధములకును సైనికులను బంపి, మిలిటరీ మాధవరమను పేరు గాంచినది. అచ్చట సైనికుడైనవాని కథను ఊరే మోయుచున్నది. డెల్టాయందు మనకు మాధవరములు లేవు. ఊరికి నలుగురైదుగురు చొప్పున చెదరియున్నారు. చెదరియున్నవారికే కూడిక యెక్కువ యవసరము.

వకీలు వృత్తియందున్నవారికి దీని పర్యవసానము కాగితముల రూపమున గనబడును. సైనికుని వివాహము పటాలమున పార్టు టూ ఆర్డరుగా నమోదు కావలెను. ఇరువదియేండ్ల ప్రాయమున సెలవుపై వచ్చి పెండ్లాడి మరల సరిహద్దునకు బోయినవాడు ఆ సంగతి మఱచును. లేదా భార్య పేరును గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాసికొనును. ఇంట సుబ్బులు, పెండ్లి శుభలేఖలో సుబ్బలక్ష్మి, ఆధారు కార్డులో వెంకటసుబ్బమ్మ, రికార్డులో మఱియొకటి. ఇంటిపేరు ముందో వెనుకో యనునది వేఱు చిక్కు. మన పద్ధతి నుత్తరదేశపు గుమాస్తాలకు బోధపఱచుట బ్రహ్మదేవుని వశము కాదు. భర్త బ్రదికియున్నంతకాలము ఈ తేడావలన నష్టము లేదు. ఆయన పోయిన మఱునాటినుండి కుటుంబ పింఛను నిలిచిపోవును. భార్య తాను తానేయని నిరూపించుటకు ప్రమాణపత్రములు వ్రాయించుచు కచేరీల చుట్టు దిరుగును. ఆయన జీవించియుండగా నొక దరఖాస్తుతో సరిపోవలసిన పని యిది.

పింఛను హక్కుల విషయమునను నంతే. ఒకే హోదాకు ఒకే పింఛనను సూత్రము 2015 నవంబరు 7వ తేదీ యుత్తరువు వలన, 2014 జూలై 1 మొదలు వర్తించునట్లుగా వచ్చెను. దాని ననుసరించి అయిదేండ్లకొకమాఱు పింఛను తిరిగి నిర్ణయింపవలెను. 2022 మార్చి 16వ తేదీన సుప్రీముకోర్టు ఆ పద్ధతిని సమ్మతించి, 2019 జూలై మొదలు పునర్నిర్ణయము జరుపుమనెను. బకాయిలకై మరల కోర్టు మెట్లెక్కవలసివచ్చెను. 2023 మార్చి 20వ తేదీన కోర్టు గడువులు పెట్టెను. కుటుంబ పింఛనుదారులకు ఏప్రిలు 30 లోపల, డెబ్బదియేండ్లు దాటినవారికి జూను 30 లోపల, తక్కినవారికి 2024 ఫిబ్రవరి లోపల వాయిదాలలో చెల్లింపవలెనని యాజ్ఞ. అధికారుల తరగతులలో నిట్టి తీర్పు వెలువడిన సాయంకాలమే లెక్కలు గట్టి యందఱకు బంపగలవారుందురు. ఉప్పుటేటి గట్టుననుండు హవల్దారు భార్యకు బ్యాంకు ఖాతాలో పడినది బకాయియో, ఎవరైనను పొరపాటున వేసినదో తెలియదు. అడిగిన గుమాస్తాకును తెలియదు. తక్కువ పడినచో నామె కసలే తెలియదు.

రానున్న చిక్కు మఱియొకటి యున్నది. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు అధికారులు చాలక, 1963లో మద్రాసునందును పూనాయందును శిక్షణాలయములు తెఱచి, స్వల్పకాలపు తర్ఫీదుతో అత్యవసరాధికారులను జేర్చుకొనిరి. వారిలో పలువురు 1965లో బోరాడిరి. అవసరము తీఱిన పిమ్మట పెక్కుమందిని విడుదల చేసిరి. నడివయస్సు రాకుండగనే రెండవమాఱు జీవితము మొదలుపెట్టినవారు వారు. నేడు వారిలో పిన్నవారికి గూడ ఎనుబది దాటినవి. అయినను వారికి తరగతి యొకటి యున్నది, ఒకరినొకరు పిలుచుకొనుటకు పేరొకటి యున్నది. 2022 జూన్ 14వ తేదీన ప్రకటింపబడిన అగ్నిపథము క్రింద జేరువారి గతి యేమి? నాలుగేండ్ల సేవ. నాలుగింట నొక పాలు మించకుండ నిలుపుకొనుట. తక్కినవారికి సేవానిధి కలదు గాని పింఛను లేదు. ఆ పద్ధతి మంచిచెడ్డలను మేము వేఱుగ చర్చింతుము. 2022 చివర జేరిన మొదటి జట్టునకు నాలుగేండ్లు 2026 చివరతో నిండును. ఇరువదియైదేండ్లైనను నిండని యువకులు మాజీ సైనికులై మన యూళ్లకు వత్తురు. వారిని జట్టుగా నిలుపు పటాలముండదు, పెద్దవారి సంఘము వారిని తమవారని యెంచునో యెంచదో తెలియదు. ఎనుబదియేండ్ల అత్యవసరాధికారికంటె వీరి మనస్సు నెవరు బాగుగ నెఱుగుదురు? ఆ ముసలివా రున్నప్పుడే ఆ రెండు తరములు నొక అరుగుమీద గూర్చుండవలెను.

కోరుకొండ సంగతి చెప్పకున్న నీ వ్యాసము కొఱవడును. విజయనగరపు ప్రభువుల కోటయందు 1962 జనవరి 18వ తేదీన స్థాపింపబడిన సైనిక పాఠశాల అది. రాజులు విడిదిచేసిన గదులలో రైతుబిడ్డలు, గుమాస్తాల బిడ్డలు పడుకొని చదివి అధికారులైరి. 2020 జూన్ 15వ తేదీన గల్వాను లోయయందు తన సైనికుల ముందు నిలిచి ప్రాణమర్పించిన సూర్యాపేట వాస్తవ్యుడు కర్నల్ సంతోష్‌బాబు అచ్చట చదివినవాడే. తాను నడపినవారితో గలిసియే యతడు పడిపోయెను. తొలియేట జేరిన బాలురకు నేడు డెబ్బది దాటినవి. తక్కిన విద్యాలయముల సమావేశములలో తెలుగు వినబడుట యరుదు. ఇచ్చట తెలుగువారే యెక్కువ. అయినను ఆంగ్లమున బోధింపబడినవారగుటచే వేదికమీద నదియే నడచుచుండును. ఈ విషయమున మా కోపమును దాచుకొనము. హవల్దారు భార్య వినవలసిన మాటను ఆమె భాషలో చెప్పలేనివారు, చెప్పుటకు వెనుదీయువారు, మన జిల్లాలో పుట్టియు ప్రయోజనమేమి?

భాష కొఱత చరిత్రకును దగిలినది. శ్రీకాకుళము జిల్లా లుకలాములో 1923లో జన్మించి, 1942లో సేనలో జేరి, 1981 మొదలు 1983 వఱకు సైన్యాధ్యక్షుడైన జనరల్ కొటికలపూడి వెంకట కృష్ణారావుగారు తమ జ్ఞాపకములను ఆంగ్లమున వ్రాసియుంచి 2016లో గతించిరి. ఆయన పెద్దయధికారి, గ్రంథము నిలిచినది. 1971 డిసెంబరున ఢాకా వైపు నడచిన సేనలో ఇరువదియేండ్ల జవానుగ నున్న తెలుగువానికి నేడు డెబ్బదియైదు. అతడు వ్రాయడు. అడిగినచో చెప్పును; ఆ యేటిని దాటునప్పుడు నీరెంత లోతున్నది, ఎవరి బూట్లు పోయినవి, ఎవరు వెనుకకు రాలేదు, ఇవి యన్నియు నతడెఱుగును. విశ్రాంతాధికారులకు తీఱిక యున్నది, వ్రాతయున్నది. వినుటకు బోవలెను.

స్త్రీలనుగూర్చి యొక మాట. నిన్నమొన్నటివఱకు నీ సమావేశములకు స్త్రీలు భార్యలుగను, వితంతువులుగను మాత్రమే వచ్చిరి. సుప్రీముకోర్టు 2021లో నిచ్చిన మధ్యంతరపు టాజ్ఞ వలన 2022లో ఖడక్వాస్లయందు బాలికలు ప్రవేశించిరి; 2025 మే 30వ తేదీన పదునేడుగురు ఉత్తీర్ణులై వెలువడిరి. ఏబదియేండ్ల తరువాత వారి స్వర్ణోత్సవమున మగవారు భర్తలుగా వచ్చి వెనుక వరుసలో గూర్చుందురు. ఆ దృశ్యమును జూచుటకు మేముండము గాని తలచుకొన్నను సంతోషముగ నున్నది.

ఇక పనికి వత్తము. సంక్రాంతికి పట్టణములనుండి విశ్రాంతాధికారులు స్వగ్రామములకు వత్తురు. కనుమ మఱునాటి యుదయమును వా రీ పనికి విడువవలెనని మా ప్రార్థన. సభలు, పూలదండలు, వేదికలు వలదు. కృత్తివెన్నులో నొక యిల్లు, బందరులో నొకటి, అవనిగడ్డలో నొకటి చాలును. వృద్ధులైన సుబేదారుల యరుగులే మేలు, జంకులేకుండ అందఱును వత్తురు. ఆ ప్రాంతపు మాజీ సైనికుల పేర్లు, వారి పటాలములు, భార్యల పేర్లు ఒక పుస్తకమున వ్రాయవలెను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునుండి యొక యుద్యోగిని బంపుమని ముందుగ నడుగవలెను. పేర్లలో తేడాలున్నచో దరఖాస్తు లప్పుడే వ్రాసి, సంతకములు చేయించి, పంపిన తేదీని ఆ పుస్తకముననే గుర్తింపవలెను. ఈ జిల్లా న్యాయవాదులలో కొందఱు రుసుము లేకుండ వచ్చి కూర్చుండుటకు సిద్ధముగ నున్నారు. వచ్చువారు డిశ్చార్జి పుస్తకమును, పింఛను ఉత్తరువును, భార్యాభర్తల ఆధారు కార్డులను, బ్యాంకు పుస్తకమును, ఉన్నచో పెండ్లినాటి శుభలేఖను వెంట దెచ్చుకొనవలెను. భర్త పోయినవారు మరణపత్రమును గూడ తేవలెను.